ప్రారంభం కాని మైక్రోస్కోపు

ప్రారంభోత్సవం జరగని యంత్రం యంత్రమే కాదని, అది కేవలం గుడ్డ కప్పిన సామాను అని డైరెక్టరుగారు సర్క్యులర్ జారీ చేశారు. పిల్లల మెదడులో గడ్డలకు వైద్యం చేసే ఆ ఆసుపత్రిలో సర్క్యులర్‌కు ఎదురు లేదు. గడ్డలకైనా ఒక్కోసారి మందు పనిచేస్తుంది గానీ, సర్క్యులర్‌కు ఇంతవరకు ఎవరూ మందు కనిపెట్టలేదు.

సామాను అంటే కొత్త మైక్రోస్కోపు. అది వచ్చి నెలన్నర అయింది. ముఖ్య అతిథిగారికి తీరిక దొరక్క మూడుసార్లు తేదీ మారింది. పాత మైక్రోస్కోపు పక్కనుంటే ఫొటోలో బాగుండదని దాన్ని ముందే తీసేశారు. కటకాలన్నీ మార్పిడి కింద కంపెనీవాళ్లు పట్టుకుపోగా, మిగిలిన మొండెం స్టోరు గదిలో చీపుళ్ల పక్కన నిలబడింది.

ఇదంతా స్లయిడ్లు చదివే డాక్టరమ్మ ప్రాణం మీదికొచ్చింది. సోమవారం ఆవిడ చేతికి ఓ ఆరేళ్ల పాప స్లయిడు వచ్చింది. పాప తలలో గడ్డను నిరుడు తీసేశారు. ఇప్పుడు నడుస్తుంటే తూలుతోంది, స్కానులో అదే చోట వాపు కనబడింది. సర్జనుగారు సూదితో చిన్న ముక్క తీసి పంపి, గురువారం మళ్లీ తల తెరుస్తానన్నారు.

పాప తండ్రి వడ్రంగి. గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు.

"గడ్డ మళ్లీ పెరిగిందంటారా డాక్టరమ్మా?"

"పెరిగుండచ్చు. లేదంటే ఒంట్లో రక్షణ కణాలు అక్కడికి గుంపుగా వచ్చి, వాటి హడావుడికే వాచి ఉండచ్చు. అదైతే కోత అక్కర్లేదు, వాపు తగ్గే మందు చాలు."

"స్కానులో తెలీదా అమ్మా?"

"రెండూ ఒకేలా కనిపిస్తాయి నాయనా. స్లయిడు చూడాలి."

"మరి చూడండి."

చూద్దామంటే ఉన్నది గుడ్డ కప్పిన సామానే. ఇంకో ఆసుపత్రికి పంపుదామంటే స్లయిడు గేటు దాటకూడదని మరో సర్క్యులర్ ఉంది. ఆవిడ నేరుగా డైరెక్టరుగారి గదికి నడిచింది.

"మీ బాధ నాకు తెలుసు డాక్టరమ్మా. నాకూ పిల్లలున్నారు," అన్నారు డైరెక్టరుగారు. "కానీ ముఖ్య అతిథిగారి కన్నా ముందు మీరు చూసేస్తే ఆయన ఏం ప్రారంభించినట్టు? ఎంగిలి చేసినట్టు కాదూ?"

"గురువారం ఆపరేషనండీ."

"ఇంకా మూడు రోజులుందిగా. దరఖాస్తు పెట్టుకోండి."

పెట్టుకుంది. "అత్యవసర వైద్యం నిమిత్తం" అని రాసిన కాగితం గంటలో తిరస్కార ముద్రతో తిరిగొచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసు ఊరికే పోదు. రెండో కాగితం మీద "ప్రారంభోత్సవ రిహార్సల్ నిమిత్తం" అని రాసింది. పది నిమిషాల్లో మంజూరైంది.

మంగళవారం గుడ్డ తొలగింది. ముఖ్య అతిథిగా డైరెక్టరుగారే నటించారు. గుమాస్తా చేత రెండుసార్లు చప్పట్లు కొట్టించుకుని, కన్ను ఆనించి, "ఇది మానవాళికి శుభదినం" అన్నారు. వెలుతురు సరిచూడాలంటూ డాక్టరమ్మ ఆయన్ను పక్కకు జరిపి పాప స్లయిడు పెట్టింది. నలభై నిమిషాలు మూలమూలా వెతికింది. స్లయిడుకు వేసిన రంగుమందుతో గోధుమ రంగు పట్టిన రక్షణ కణాలు కిక్కిరిసి ఉన్నాయి. గడ్డ కణం ఒక్కటీ లేదు. ఆవిడకు ఏడుపొచ్చింది. వెలుతురు మరీ ఎక్కువైందని చెప్పి కళ్లు తుడుచుకుంది.

బుధవారం రిపోర్టు చూసి డైరెక్టరుగారు నీరుగారిపోయారు.

"ప్రారంభం కాని యంత్రం రిపోర్టు ఇచ్చిందా? నా ఉద్యోగం ఏం కావాలి? పాతదాని నంబరు వెయ్యండి. రిజిస్టరులో అది ఇంకా బతికే ఉంది."

డాక్టరమ్మ ఇన్నేళ్లలో రిపోర్టులో ఒక్క అబద్ధం రాయలేదు. సిగ్గుతో ఆవిడ తల దించుకుంది. అయినా రేపు తెరవబోయే ఆ చిన్న తల గుర్తొచ్చి, పాత నంబరే వేసి సంతకం పెట్టింది. కోత ఆగింది. మందు పడ్డాక పది రోజుల్లో పాప తూలకుండా నడిచింది.

ఈ సంగతి పత్రికలో పడింది. అది చదివిన ముఖ్య అతిథిగారికి ఉన్నపళంగా తీరిక దొరికింది. పాపను కాపాడిన మైక్రోస్కోపునే తాను చూడాలని ఫోను చేయించారు. రిపోర్టులో ఉన్నది పాతదాని నంబరాయె! చీపుళ్ల పక్కనున్న మొండేన్ని తెచ్చి, దుమ్ము దులిపి, రిబ్బను కట్టారు.

ముఖ్య అతిథిగారు రిబ్బను కత్తిరించి, కటకాల్లేని గొట్టంలో కన్ను పెట్టారు. చాలాసేపు చూసి, "కణాలు ఎంత క్రమశిక్షణగా ఉన్నాయి" అన్నారు. తరువాత సర్జనుగారు చూసి వాపు స్పష్టంగా ఉందన్నారు. డైరెక్టరుగారు చూసి రంగు అమోఘమన్నారు. ఫొటోలు బాగా వచ్చాయి.

మర్నాడు ఓ నాలుగేళ్ల బాబు స్లయిడు వచ్చింది. డాక్టరమ్మ మళ్లీ డైరెక్టరుగారి ముందు నిలబడింది.

"కొత్తదాన్ని ఇంకా పెద్ద అతిథి కోసం ఉంచాం. పాతదాంట్లో చూడండి," అన్నారాయన.

"అందులో కటకాలు లేవండీ."

"ముఖ్య అతిథిగారికి కనిపించింది. సర్జనుగారికి కనిపించింది. నాకు కనిపించింది. మీ ఒక్కరికే కనిపించలేదంటే లోపం ఎక్కడుందో ఆలోచించుకోండి. వెళ్లి కళ్లు చూపించుకోండి."

కంటి పరీక్ష నిమిత్తం ఆవిడకు అక్కడికక్కడే ఒక పూట సెలవు మంజూరైంది. డాక్టరమ్మ బాబు స్లయిడును చేతిసంచిలో దాచుకుని, గేటు దాటి, పక్క ఊరి బస్సెక్కింది.