బుధవారాలు ఆరోగ్యానికి హానికరం

మనిషికి కళ్ళిచ్చినవాడు దేవుడైతే, ఆ కళ్ళను నమ్మవద్దని చుక్కల పటం ఇచ్చినది కురొనామి పట్టణ కార్యాలయం. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి, మధ్యలో చుక్కలు చల్లి, అవి పైకి పాకుతున్నాయో కిందికి జారుతున్నాయో చూసి అక్కడ నిర్ణయాలు చేసేవారు. క్యాంటీన్‌లో నూడుల్సా, అన్నమా అన్నదానికి కూడా పటం ఉండేది. (పటానికి ఆమోదం వచ్చేసరికి రెండూ చల్లారిపోయేవి.)

ఈ పరిపాలన సముద్రపు ఒడ్డున ఒంటరిగా ఉండే హిసానో బామ్మ గడప దాకా వచ్చింది. ఎనభై దాటిన ఆవిడకు మోకాళ్ళు మాట వినవు, గుండె అప్పుడప్పుడు అలుగుతుంది. బుధవారం బుధవారం కార్యాలయం నుంచి తదొకోరో అనే ఉద్యోగి వచ్చి, రక్తపోటు చూసి, టీ తాగి, విన్న కబుర్లనే మొదటిసారి వింటున్నట్టు విని వెళ్ళేవాడు. ఆవిడకు వారమంటే బుధవారమే. మిగతావన్నీ దానికోసం ఎదురుచూడడం.

ఒక బుధవారం అతను గుమ్మం బయటే నిలబడిపోయాడు.

"లోపలికి రా నాయనా, టీ చల్లారిపోతోంది."

"రాకూడదు బామ్మగారూ. నేనొస్తే మీ ప్రాణానికి ముప్పట."

"ఏం, జలుబు చేసిందా?"

"జలుబైతే తగ్గేది. పటం వచ్చింది."

బామ్మ అప్పటికప్పుడు చేతికర్ర పట్టుకుని బస్సెక్కి కార్యాలయానికి వెళ్ళింది. దేనికి దేనితో లంకె ఉందో తేల్చే సహసంబంధ విభాగాధిపతి షియోజాకి లేచి నిలబడి, గోడమీది పటం చూపించాడు.

"ఇటు మావాళ్ళు ఇళ్ళకు వెళ్ళిన లెక్క, అటు అంబులెన్సులు వచ్చిన లెక్క. మేం ఎవరింటికి ఎక్కువ వెళ్ళామో వాళ్ళే ఎక్కువగా ఆస్పత్రి పాలయ్యారు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని తెలియక చంపుతున్నాం బామ్మగారూ, క్షమించండి." అని నడుం వంచి నమస్కరించాడు. (ఎంత వంచాలో నిబంధనల్లో ఉంది.)

"ఒంట్లో బాగోలేకే కదయ్యా ఆ అబ్బాయి వస్తున్నది!"

"అది మీ సొంత అభిప్రాయం. చుక్కలు అలా అనుకోవడం లేదు."

"మరి మీరసలు వెళ్ళనివాళ్ళో?"

"భేషుగ్గా ఉన్నారు. పలకరింపులు సున్నా, అంబులెన్సులు సున్నా."

"అయితే గుడి వెనక సమాధిలో ఉన్న మా ఆయన్ని మించిన ఆరోగ్యవంతుడు ఈ ఊళ్ళోనే లేడన్నమాట."

షియోజాకి నవ్వలేదు. ఆ మాట రాసుకున్నాడు.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. స్నానాలగదిలో పట్టుకునే కమ్మీలున్న ఇళ్ళలోనే ముసలివాళ్ళు ఎక్కువగా జారిపడుతున్నారని తేలడంతో, బామ్మ ఇంటి కమ్మీ ఊడదీశారు. ఆపదలో నొక్కే మీట ఉన్నవాళ్ళకే ఆపదలు వస్తున్నాయని తేలింది, దాన్నీ పట్టుకెళ్ళారు. తదొకోరో ఆగలేక, సెలవు రోజున కంచె అవతలి నుంచి "బామ్మగారూ, మందులు వేసుకున్నారా?" అని కేకేశాడు. కంచె మీదుగా పలకరిస్తే అర సందర్శన కింద లెక్క అని మర్నాడు ఉత్తర్వు వచ్చింది. అతన్ని చుక్కలు పెట్టే పనిలోకి మార్చారు.

వానాకాలంలో ఒక ఉదయం బామ్మ స్నానాలగదిలో జారిపడింది. పట్టుకోవడానికి కమ్మీ లేదు, నొక్కడానికి మీట లేదు. తడి నేలమీద పడి ఉండి, వీధిలో చప్పుడైనప్పుడల్లా పిలిచింది. చాలాసేపటికి వీధుల్లో తోఫు, అదే సోయా జున్ను, అమ్మే మొరియాకు ఆ మూలుగు వినబడింది.

"ఏమ్మా, ఎంతసేపైంది పడి?"

"ఏ వారం నాయనా ఇవాళ?"

"బుధవారం."

ఆవిడ అప్పుడు ఏడ్చింది.

మొరియా తన తోఫు బండిలోనే ఆవిడను ఆస్పత్రికి చేర్చాడు. తుంటి ఎముక విరిగింది. వచ్చింది అంబులెన్సు కాదు గనక, ఇది అనారోగ్యం కిందికి రాదు.

వారం తిరక్కముందే షియోజాకి పూలగుత్తితో, ప్రశంసాపత్రంతో ఆస్పత్రికి వచ్చి, గది తలుపు దగ్గర ఆగిపోయాడు.

"అభినందనలు బామ్మగారూ! ఈ ఏటి ఉత్తమ ఆరోగ్య పురస్కారం మీకే."

"లోపలికొచ్చి కాసేపు కూర్చోవయ్యా. ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో."

"వద్దండీ, మీ ఆరోగ్యం ముఖ్యం." అని, రెండూ నర్సు చేతికిచ్చి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

ఆ ఏటి నివేదిక ప్రకారం కురొనామిలో వృద్ధుల ఆరోగ్యం మునుపెన్నడూ లేనంత బాగుంది. కాదన్న వృద్ధులు ఒక్కరూ లేరు. అడగడానికి వెళ్ళినవాళ్ళూ లేరు.