తలుపు తీసి వండిన టాకో

విజేందర్‌కు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. భార్య స్వర్ణకు అచ్చంపేట దవాఖానలో నర్సు ఉద్యోగం. పెళ్లయితే ఇద్దరికీ కలిపే చేశారు గానీ, పోస్టింగులు ఎవరివి వాళ్లకే ఇచ్చారు.

శనివారం పొద్దున స్వర్ణ ఫోన్ చేసి, రేపు కూడా డ్యూటీ పడింది, రానని చెప్పింది.

"సరే, నీ ఇష్టం," అన్నాడు విజేందర్ మగాడిలా. ఫోన్ పెట్టేశాక, రెండు కంచాలెందుకు కడిగానా అని దిగులుపడ్డాడు. ఒక్కడే కూర్చుంటే ముద్ద గొంతు దిగదు. ఈమధ్య ప్రెషర్ కుక్కర్ కూత వేస్తే "ఆఁ, వస్తున్న" అని జవాబిస్తున్నాడు.

అప్పుడు తట్టింది ఉపాయం. అవి శ్రమల దినాలు. ఈస్టర్ దాకా మాంసం ముట్టమని ఆలుమగలిద్దరూ చర్చిలో మాటిచ్చారు. మొగుడు మాట తప్పాడని తెలిస్తే స్వర్ణ కొట్లాటకైనా బస్సెక్కుతుంది. కొట్లాటైతే ఏం, మనిషి ఎదురుగా ఉంటుంది కదా!

అలాగని నిజంగా మాట తప్పేంత ధైర్యం లేదు. ఫోన్లో టాకో అని, రొట్టె మడతలో ఖీమా పెట్టే మెక్సికో వంటకం చూశాడు. మీల్ మేకర్‌ను ఖీమాలా వండి, జొన్న రొట్టె మడతలో పెడితే సరి. తలుపు తీసి వండితే వాసన పక్కింటి బాలనర్సమ్మకు అందుతుంది. రోజూ గుమ్మంలోంచి తొంగిచూసే ఆ ముసలమ్మ మిగతా పని చూసుకుంటుంది.

ఒక్క అనుమానం మిగిలింది. ఫోన్ చేశాడు.

"స్వర్ణా, మీల్ మేకర్ ఎంతసేపు నానాలె?"

"ఉడుకు నీళ్లల్ల పావుగంట. ఎందుకు?"

"ఊకెనే. తెలుసుకుందామని."

గిన్నెలో ఒక పొట్లం పోస్తే అడుగున కనిపించీ కనిపించనట్టుంది. ఇంకో రెండు పోశాడు. అవి ఉబ్బి గిన్నె దాటాయి, బకెట్‌లోకి మారాయి. మిక్సీలో వేస్తే మూత ఎగిరి, సగం ఖీమా గోడకు అంటింది. మిగిలింది మసాలా దట్టించి వేయించేసరికి వాడంతా ఘుమఘుమ.

బాలనర్సమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది. "కొడుకా, ఖీమానా? శ్రమల దినాలల్లనా?"

"అయితే ఏంది పెద్దమ్మా? నా ఇష్టం!"

ఆమె ఫోన్ చెవిన పెట్టుకుని వెళ్లిపోయింది. విజేందర్ తల దువ్వుకుని గడపమీద కూర్చున్నాడు. బస్సులు వచ్చాయి, పోయాయి. పొద్దు గూకింది. రొట్టెలు గట్టిపడ్డాయి.

చివరికి బాలనర్సమ్మే వచ్చింది, చేతిలో కంచంతో.

"ఏదిరా నీ మీల్ మేకరు?"

"మీల్ మేకరని ఎవరు చెప్పిన్రు?"

"నీ పెండ్లాం. 'నానబెట్టుడు నన్నే అడిగి, నన్నే బెదిరిస్తాండు. జర పోయి కూసొని తిను అత్తమ్మా' అన్నది. నేనేమన్న సోకుకు తొంగిచూస్తున్ననా? నువ్వు తిన్నవో లేదో చూసి చెప్పుమని ఆమెనే రోజు ఫోన్ చేస్తది."

విజేందర్ తల దించుకున్నాడు. ఇంతలో వీడియో కాల్ వచ్చింది. స్వర్ణ ముందు కూడా ఒక్క కంచమే ఉంది.

"ఏమయ్యా, నాకు మాత్రం ముద్ద దిగుతాందా? గిన్ని నాటకాలెందుకు? రమ్మని ఒక్కపారన్న నోరు తెరిచి అడిగినవా?"

నిజమే, ఎప్పుడూ అడగలేదు. అతనికి దుఃఖం పొంగుకొచ్చింది. ఫోన్‌ను రెండో కంచంలో, చెంబుకు ఆనించి నిలబెట్టాడు.

"రా స్వర్ణా," అన్నాడు.

"పొద్దుగాలనే డ్యూటీ మార్సుకున్న. వచ్చే శనివారం వస్త. నువ్వే అడుగుతవేమోనని ఎదురుచూసుకుంట చెప్పలే," అంది స్వర్ణ. "గప్పటిదాంక గోడ కడుగు. గీడికి కనబడతాంది."