రైతు సెల్‌ఫోన్‌లో ఉన్నాడు

పట్టాలో పేరు లేకపోవడమంత సుఖం ఆడవాళ్ళకు మరొకటి లేదు! నమ్మరా? పాన్‌గల్ దగ్గరి జములమ్మ సంగతి వినండి.

రెండెకరాల పల్లి చేను. దున్నించింది జములమ్మ. విత్తింది, కలుపు తీసింది, నీళ్ళు కట్టింది జములమ్మ. పురుగుమందు మానేసి వేపకషాయం కాచి, ఆ కంపుకు ఇరుగుపొరుగు చేత తిట్లు తిన్నదీ ఆమే. రైతు మాత్రం కాదు! రైతు ఆమె భర్త మాసయ్య. పూణెలో నాలుగో అంతస్తు మీద సిమెంటు పూస్తుంటాడు. పట్టా ఆయన పేరున ఉంది కదా! ఎంత హాయి! ఆమెకు ఒళ్ళొంచి పనిచేయడం తప్ప వేరే బాధ్యతే లేదు.

ఈ ఏడు అడవి పందులు పడ్డాయి. తెల్లారి చూస్తే సగం చేను తవ్విపోసి ఉంది. జములమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. రైతు కాకపోయినా ఏడుపొస్తుంది, ఈ ఏర్పాటులో అదొక్కటే లోపం.

నష్టం రాసుకోవడానికి వ్యవసాయాఫీసు సారు వచ్చాడు.

"రైతు ఏడమ్మా?"

"నేనే సారూ."

"నువ్వు గాదు, పట్టాదారు. చేన్ల నిలబెట్టి ఫొటో తియ్యాలె."

"పూణెల ఉన్నడు."

సారు మంచివాడు, తెలివైనవాడు. వీడియో కాల్ చేయించాడు! జములమ్మ ఫోను పట్టుకుని చేను మధ్యలో నిలబడింది. ఫోనులో రైతు, తల మీద హెల్మెట్, వెనక సిమెంటు బస్తాలు.

"జర పక్కకు జరుగమ్మా, నీ మొకం పడుతుంది."

జరిగింది. ఫొటోలో ఆమె చెయ్యి మాత్రం మిగిలింది.

"ఏ రకం విత్తనం ఏసినవ్ మాసయ్యా?"

"ఏ రకమే జములా?"

ఆమె చెప్పింది, ఆయన అప్పజెప్పాడు, సారు రాసుకున్నాడు.

"ఎప్పుడు ఏసినవ్?"

మాసయ్యకు సిగ్గేసింది.

"సారూ, గామెనే అడుగున్రి. ఇత్తినప్పుడు నేను లేను, పందులు పడ్డప్పుడు లేను. నాకేం తెల్వదు. నన్నేంది రైతంటరు?"

"పట్టాదారే తెల్వదంటే నేనేం రాయాలె?" సారు విసుక్కుని బండెక్కాడు. ఆ నష్టం ఎవరి పేరునా రాయలేదు.

జములమ్మ ఫోను దించలేదు. "నువ్వు గిట్ల అంటవనుకోలే" అంది మెల్లగా.

మాసయ్య అక్కడితో ఊరుకోవచ్చుగా? సెలవు పెట్టి ఊరొచ్చి, ఒక ఎకరం ఆమె పేరున రాసిచ్చాడు! పాపం జములమ్మ! ఇక విత్తనాల లైనులో తనే నిలబడాలి, రైతుల మీటింగులో ముందు కుర్చీలో కూర్చోవాలి, అడిగినదానికి తనే జవాబు చెప్పాలి. సుఖపడుతున్న మనిషిని ఎంత ఇరుకున పెట్టాడో చూశారా?

పైగా ఇది అంటుకునే రకం. మొన్న సోమవారం మండలాఫీసు ముందు ఆటో ఆగింది. జములమ్మ పక్క చేను శాంతమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. వెనక ముగ్గురు మగవాళ్ళు, తలలు గోక్కుంటూ.

"మావోళ్ళను గూడ తోల్కొచ్చినం సారూ," అంది శాంతమ్మ లోపలి ఆఫీసరుతో. "సంతకం ఏడ పెట్టాల్నో జర సూపియ్యున్రి."