ఒక్క బటన్‌కు కావలసిన బలగం

కంప్యూటరు తెర మీద ఒక్క బటన్‌ను నిలబెట్టడానికి ఎంతటి యంత్రాంగం కదలాలో మన పూర్వీకులకు తెలియదు. అందుకే పాపం, చెప్పదలచుకున్నదేదో నోటితో చెప్పేసి, అభివృద్ధి అంటే ఏమిటో ఎరగకుండానే వెళ్ళిపోయారు.

మా మావయ్యకు ఆ సౌకర్యం లేదు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయనకు మాట పోయింది. అపార్ట్‌మెంట్‌లో మెట్ల కింద ఉన్న చిన్న గదిలో కూర్చుని అందరి మిక్సీలూ, ఫ్యాన్లూ బాగుచేసి పెడుతుంటారు. ఆ గది ఉండబట్టే మనిషి మామూలుగా ఉన్నారని అత్తయ్య అంటుంది. ఇప్పుడు ఆ గదిని ఖాళీ చేయించి, పార్సిళ్ళు పెట్టుకుందామని సంఘం తీర్మానం పెట్టింది.

సంఘం నియమావళి చాలా స్పష్టమైనది. అభ్యంతరం ఉన్న సభ్యుడు సభలో స్వయంగా, అందరికీ వినబడేలా చెప్పాలి. కాగితం చెల్లదు. (గతంలో ఎవరో కాగితం ఇస్తే కార్యదర్శిగారు దాన్ని చదవాల్సి వచ్చిందట. అలాంటి దుర్ఘటన మళ్ళీ జరగకూడదని ఈ ఏర్పాటు.) మేనల్లుళ్ళు వినవచ్చు గాని నోరు విప్పరాదు. ఫోన్లు కట్టేయాలి. అయితే సభ జరిగే హాల్లోని కంప్యూటరు సంఘం సొత్తు కనుక, అది మాట్లాడితే సభ్యుడు మాట్లాడినట్టే భావిస్తామని కార్యదర్శిగారు పెద్దమనసు చేసుకున్నారు.

నేను ప్రోగ్రామర్‌ని. మావయ్య టైపు చేస్తారు, బటన్ నొక్కుతారు, కంప్యూటరు పైకి చదువుతుంది. అంతే పని. ఇంట్లోనే రాసేశాను, భేషుగ్గా పనిచేసింది. (మా ఇంట్లో పనిచేసిందనే మాటను మించిన హామీ మా వృత్తిలో లేదు.) ఇక హాల్లోని కంప్యూటరులో ఫ్రేమ్‌వర్క్ ఒక్కటి ఎక్కిస్తే చాలు. అంటే విండో, బటన్ లాంటివి మనం చెక్కుకునే పని లేకుండా తయారుగా ఇచ్చే సరంజామా.

"ఒరేయ్, రాసింది చదివి వినిపించేది కంప్యూటర్లో ముందే ఉంటుందట కదరా. అది పెట్టెయ్యకూడదూ?" అంది అత్తయ్య, సభ రోజున హాల్లో కుర్చీలు సర్దుతూ.

"అది ఊళ్ళో అందరికీ ఉండేదే అత్తయ్యా. మావయ్యకి మనదే ఉండాలి."

"ఎవరిదైతే ఏంట్రా, మాట బయటికి రావాలి గానీ."

చదువుకోని ప్రశ్నలకు జవాబు చెబుతూ కూర్చుంటే శాస్త్రం ముందుకు సాగదు. నేను ప్యాకేజీ మేనేజర్‌గారికి పని అప్పగించాను. వారు మనిషి కారు, ప్రోగ్రామే. కానీ దర్జా చూస్తే గారు అనకుండా ఉండలేం. ఫలానాది కావాలని ఒక్క వరుస రాస్తే, దాన్నీ, అది లేకుండా కదలనన్నవాటినీ, ఆ కదలనన్నవాటికి తోడు రావలసినవాటినీ ఇంటర్నెట్ నుంచి వెంటబెట్టుకొస్తారు.

వచ్చాయి, ప్యాకేజీలనే చిన్న చిన్న ప్రోగ్రాములు. ఒక అంకె సరిసంఖ్యో బేసిసంఖ్యో చెప్పేదొకటి. అసలది అంకేనా అని దానికి చెప్పేది మరొకటి. మూడోది ఎందుకొచ్చిందో దానికే తెలియదట. ఒకదాన్ని దించబోతే, నేను పాతబడ్డాను, పక్కదాన్ని వాడండి అంది. పక్కదాన్ని తెస్తే, నన్ను పట్టించుకునే నాథుడు లేడు, మొదటిదే నయం అంది. ఇంతలో ఆ వచ్చినవాటిలోనే ఇద్దరు పెద్దలకు పేచీ వచ్చింది. ఒకాయనకు ఫలానా ప్యాకేజీ పాతది కావాలి, ఇంకొకాయనకు అదే కొత్తది కావాలి. రెండూ ఒక కప్పు కింద ఉండవట.

"ఎక్కడిదాకా వచ్చింది?" అంది అత్తయ్య. అప్పటికే సభ్యులు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు.

"సగం అయింది."

"ఇందాకా సగమే అన్నావు."

"ఇది వేరే సగం అత్తయ్యా."

బలవంతంగా కానిమ్మంటారా అని మేనేజర్‌గారు అడిగారు. కానిమ్మన్నాను. కానిచ్చి, ఇప్పుడు భద్రతాలోపాలు కొన్ని కనబడుతున్నాయి, సరిచేయమంటారా అన్నారు. చేయమన్నాను. చేశాక అవి రెట్టింపయ్యాయి. చివరికి ఆ ఒక్క బటన్‌ను చూపించడానికి ఒక పూర్తి బ్రౌజర్ కావాలని, దాన్ని దించడం మొదలుపెట్టారు. (ఆ కంప్యూటరులో బ్రౌజర్ ఉంది. అది పరాయిదట.)

మావయ్య కీబోర్డు ముందు వేలు సిద్ధం చేసుకుని తెరనే చూస్తున్నారు. ఏం చెప్పాలో నిన్నటినుంచి అనుకుంటూనే ఉన్నారు పాపం. కార్యదర్శిగారు తీర్మానం చదివి, "అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి" అన్నారు.

తెర మీద, ఎంతవరకు దిగిందో చూపించే గీత కొంచెం జరిగింది.

"ఎవరూ లేరన్నమాట."

మావయ్య ఆగండని చెయ్యెత్తారు.

నియమావళిలో చెయ్యెత్తడమంటే సమ్మతి. కార్యదర్శిగారు సంతోషంగా రాసుకున్నారు. గది ఎవరిదో ఆయనే చెయ్యెత్తాక తమకేమిటని మిగతావాళ్ళూ ఎత్తారు. అందులో చాలామంది మిక్సీలు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి. తీర్మానం ఏకగ్రీవం. ముందుగా ముందుకొచ్చినందుకు మావయ్యకు ప్రత్యేక అభినందన.

"ఏవండీ, ఆయన వద్దంటున్నారండీ," అంది అత్తయ్య. ఆమె సభ్యురాలు కాదని కార్యదర్శిగారు మర్యాదగానే గుర్తుచేశారు.

కుర్చీలన్నీ ఖాళీ అయ్యాక, ఫ్రేమ్‌వర్క్ విజయవంతంగా ఎక్కింది. విండో తెరుచుకుంది. మధ్యలో నీలం రంగు బటన్, చక్కగా గుండ్రటి అంచులతో. నాకు కళ్ళు చెమర్చాయి.

"మావయ్యా, ఏదైనా కొట్టి చూడండి."

 ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసి బటన్ నొక్కారు.

"నీకు పుణ్యముంటుంది నాయనా, ఇంకెప్పుడూ నాకు సాయం చెయ్యకు," అంది కంప్యూటరు.

ఉచ్చారణ ఎక్కడా తడబడలేదు.