కలెక్టర్ గారి పాస్‌వర్డ్

సువర్ణరాజు ఆ పొద్దున ఒకటే పని పెట్టుకున్నాడు. నూజివీడు మామిడి రైతుల సంఘం గోదాంలో వైఫైకి తగిలించిన ప్రతి మిషన్‌కూ కంపెనీవాళ్లిచ్చిన 1234 తీసేసి కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. పదకొండింటికి ఎగుమతి కంపెనీ నుంచి నవ్య తనిఖీకి వస్తుంది. ఒక్క మిషన్ బార్లా తెరిచి ఉన్నా ఈ ఏటి ఆర్డరు పోతుంది. చిత్తూరు నుంచి వచ్చి పది రోజులైనా కాని మేనేజరు ఉద్యోగమూ దాని వెంటే పోతుంది.

కెమెరా అయింది, కాటా అయింది. రసాలు, బంగినపల్లి అని పేర్లున్న కోల్డ్ రూమ్ మిషన్లూ అయ్యాయి. ఫోన్‌లో చివరి పేరు దగ్గర వేలు ఆగిపోయింది: కలెక్టర్.

"రిబ్కమ్మా! మన వైఫైలో కలెక్టర్ ఏంటి?"

గోదాం ఊడ్చే రిబ్కమ్మ చీపురు ఆపలేదు. "మూడో గదిలో ఉందిగదండీ. పొద్దున్నే ముసునూరు నుంచి లారీలో దిగింది."

లారీలో! ఆకస్మిక తనిఖీ అంటే ఇదే. సువర్ణరాజుకు చెమట పట్టింది.

"దిగింది ఏంటి? దిగారు అనాలి! ఆ చలిలో పెట్టారేంటి?"

"బయటుంటే కుళ్లిపోద్దిగదండీ."

"మర్యాద!"

"కుళ్లిపోతారండీ," అని దిద్దుకుంది రిబ్కమ్మ.

కలెక్టర్ గారి మిషన్‌ని ఎవరూ ముట్టుకోవద్దని హుకుం జారీ చేసి, సువర్ణరాజు చామంతి దండ తెప్పించాడు. సంఘం అధ్యక్షుడు కొండయ్యకు ఫోన్ చేశాడు. కలెక్టర్ గారు వచ్చారనగానే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాలవ బాగు చేయించమనే అర్జీతో పరుగెత్తుకొచ్చాడు. వెనకే నవ్య దిగింది.

సువర్ణరాజు దండతో వంగి, మూడో గది తలుపు తీశాడు. లోపల కప్పుదాకా పచ్చి కాయలు, వంకర ముక్కులతో.

"తోతాపురి కదండీ ఇవి?" అన్నాడు నీరసంగా.

"మీ చిత్తూర్లో! మాకిది కలెక్టరు కాయ," కొండయ్య అర్జీ మడిచి జేబులో కుక్కుకున్నాడు. "దీనికా నేను చొక్కా ఇస్త్రీ చేయించింది?"

ఈలోగా నవ్య తన ఫోన్‌లో 1234 నొక్కింది. మూడో గది మిషన్ నోరు తెరిచింది. "అన్నిటికీ తాళం వేసి దీన్నొక్కదాన్నీ వదిలేశారేంటండీ?"

సువర్ణరాజు దండను వెనక్కి దాచుకున్నాడు.

"కలెక్టర్ గారని సారే ముట్టుకోనివ్వలేదమ్మా," అంది రిబ్కమ్మ, మర్యాద ఏమాత్రం తగ్గకుండా.

ఆర్డరు ఆగిపోయింది. రిపోర్టులో 'కారణం' అన్న గడిలో నవ్య ఒక్కటే మాట రాసింది: అతిమర్యాద.