గుర్తింపు పొందిన శబ్దాలు

లోకంలో శబ్దాలు రెండే రకాలు: కంపెనీ గుర్తించినవి, గుర్తించనివి. రెండో రకానివి చెవిన పడ్డా పడనట్టే లెక్క. ఈ ధర్మసూక్ష్మం తెలియక నెల్లూరు దగ్గర కోట అనే ఊళ్లో అబిగయీలు అనే ఆవిడ, గిన్నెలు కడిగే మెషీన్ వింతగా మోగుతోందని ఫిర్యాదు పెట్టింది.

ఆమె రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తుంది. పొద్దస్తమానం ఉప్పునీళ్లలో చేతులు పెట్టే కొలువు. వేళ్ల సందులు పగిలి, ఇంటికొచ్చి పులుసు గిన్నె తోముతుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. అందుకే పట్టుబట్టి డిష్‌వాషర్ కొనిపించింది. అది వచ్చాక వేళ్లు మానాయి. ఆ మెషీనంటే ఆమెకు ప్రాణం, అందులో దాపరికమేం లేదు. (మెషీన్ మాత్రం భర్త సుశీల్ కుమార్ పేరు మీద, ఆయన ఫోన్ నంబరు మీద ఉంది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా ఆన్ చేసిన పాపాన పోలేదు. యజమాని అంటే అట్లాగే ఉండాలి.)

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చేపల పులుసు తిన్నాక మెషీన్ కొత్త పాట ఎత్తుకుంది. ముందు గుర్రుమంది, తర్వాత టిక్కుటిక్కుమంది, ఆఖర్న ఎవరో గుటక మింగినట్టు చప్పుడు చేసింది. అబిగయీలు మెషీన్ ఆపేసింది. అడుగున జల్లెడ తీసి కడిగితే కరివేపాకు, చింతగింజ, ఓ చేప ముల్లు బయటపడ్డాయి. నీళ్లు చిమ్మే రెక్కకు గరిటె తగులుతోందేమోనని గరిటెలన్నీ మార్చి సర్దింది. గుటక ఆగలేదు.

కంపెనీ యాప్‌లో గరగర, టకటక, కీచుకీచు అని మూడు శబ్దాలున్నాయి. (గుటక లేదు. అది బహుశా ఖరీదైన మోడళ్లకే ఇస్తారు.) ఆమె పనిలో ఉండగానే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. శబ్ద స్వీకరణాధికారిణి ఎంతో మర్యాదగా, ఆ శబ్దాన్ని నోటితో చేసి వినిపించమంది. అబిగయీలు హేచరీ తొట్ల మధ్య నిలబడి గుర్రుమంది, టిక్కుమంది, గుటక మింగింది. తోటివాళ్లు పని ఆపి చూశారు. అధికారిణి మళ్లీ చేయమంది, ఈసారి కాస్త మెషీన్ లాగా. అంతా విని, అది మనిషి గొంతని నమోదు చేసుకుంది. మనిషి గొంతు కంపెనీ తయారీ కాదు గనుక దానికి వారంటీ వర్తించదట.

అప్పీలు మీద మెకానిక్ మాల్యాద్రి వచ్చాడు. అతను ఎదురుగా కూర్చున్నంతసేపూ మెషీన్ కొత్త అల్లుడిలా నోరు మెదపలేదు. మాల్యాద్రి టీ తాగాడు, 'శబ్దం హాజరు కాలేదు' అని యాప్‌లో నొక్కాడు, బయటికెళ్లి బండెక్కాడు. అప్పుడు వంటింట్లోంచి గుర్రు, టిక్కు, గుటక, మూడూ వరసగా వీధిలోకి వినపడ్డాయి.

"ఇనపడిందా అన్నా?" అంది అబిగయీలు.

"ఇనపడిందక్కా. అయితే నేను యాప్‌లో డ్యూటీ ఔట్ కొట్టేసినాను గదా. ఇప్పుడు ఇన్నది మామూలు మనిషిగా ఇన్నట్టు."

అయినా మంచివాడు కాబట్టి లోపలికొచ్చి దారి చెప్పాడు. నెల్లూరు నుంచి శబ్ద నిర్ధారణాధికారి రావాలి. ఆయన వచ్చి వినేదాకా మెషీన్ నడపకూడదు, నడిపితే శబ్దం అరిగిపోయి సాక్ష్యం చెడుతుంది. తలుపు మీద పచ్చ స్టిక్కరు అంటించి వెళ్లాడు. అధికారి రావాలంటే మాత్రం శబ్దం ఇంకా వస్తోందని రోజూ యాప్‌లో వినిపించాలి. ఆపేసిన మెషీన్ ఏం మోగుతుంది? కంపెనీ లెక్కలో అది రోజురోజుకీ కోలుకుంటూ వచ్చింది.

గిన్నెలు మాత్రం పేరుకుంటాయి కదా. వాటిని ఎవరు తోమాలన్న చర్చ ఆ ఇంట్లో జరగలేదు, అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు. సుశీల్ కుమార్ చెడ్డవాడు కాదు. రోజూ భోంచేసి కంచం సింకులో పెడుతూ, ఆ అధికారి ఎప్పుడొస్తాడో ఏమోనని మనస్ఫూర్తిగా బాధపడేవాడు. అబిగయీలు వేళ్లు మళ్లీ పగిలాయి. ఏడుపొస్తే కళ్లు తుడుచుకుందామన్నా చేతుల నిండా సబ్బు.

ఒక సాయంత్రం ఆయన నంబరుకే కంపెనీ ఫోన్ వచ్చింది. చేసినవారు తృప్తి విభాగాధికారి. అడిగింది ఒకే ప్రశ్న.

"సార్, మీ ఇంట్లో గిన్నెలు ఇప్పుడు శబ్దం లేకుండా శుభ్రమవుతున్నాయా?"

సుశీల్ కుమార్ అబద్ధమాడే మనిషి కాదు. వంటింటి వైపు చూశాడు. అబిగయీలు పళ్లు బిగించి పులుసు గిన్నె తోముతోంది. ఆయన చెవి ఒగ్గి విన్నాడు.

"అవతా ఉండాయండీ," అన్నాడు. "చప్పుడే లేదు."

ఫిర్యాదు పరిష్కారమైందని అప్పటికప్పుడే మెసేజ్ వచ్చింది. ఆయన ఐదు నక్షత్రాలూ నొక్కి, తాగిన గ్లాసు తెచ్చి సింకులో పెట్టాడు.