మంచుగుడిసెలో వెళ్ళొస్తా కాఫీ

భర్త వైనో పెట్టెలో ఐలి మూడో జత ఉన్ని మేజోళ్ళు కుక్కుతుంటే అతను తలుపు దగ్గర నిలబడి నవ్వాడు.

"నేను పోయేది లాస్ వేగాస్. అది ఎడారి, ఐలీ."

"ఎడారైతే? విమానం చెడిపోయి మధ్యలో ఎక్కడో మంచులో దింపేస్తే?"

"దింపేస్తే మేజోళ్ళతో బతికి బయటపడతానా?"

ఐలి నాలుగో జత అందుకుంది. ఎవరు ప్రయాణం కట్టినా ఆమెకు అంతే. పాల డబ్బా కోసం వీధి చివరి దుకాణానికి వెళ్ళే మనిషిని కూడా మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తుంది. తిరిగాక ఇంకాసేపు చూస్తుంది, ఏదైనా మరిచిపోయి వెనక్కి వస్తాడేమోనని. ఇది జబ్బేనని ఆమెకూ తెలుసు. మందు లేని జబ్బు కనుక ఉన్ని మేజోళ్ళతో నెట్టుకొస్తోంది.

వైనో కంగస్ కెనడాలోని థండర్ బే ఊళ్ళో కాగితం మిల్లులో పని చేసి విశ్రాంతి తీసుకోవలసిన వయసులో వ్యాపారాలు మొదలుపెట్టాడు. చేపల ఎరకని వానపాములు పెంచాడు. పెట్టెల మూతలు సరిగా వేయక అవన్నీ పక్కింటి తోటకు కాపురం మార్చాయి. తర్వాత చక్రాల మీద సౌనా గది కట్టి, ఆవిరి స్నానం మీ గుమ్మంలోకే అని ఊరంతా చాటాడు. ఒక వేసవి రోజున అది తనంతట తాను వాలు దిగి, సరస్సులోకి స్నానానికి వెళ్ళింది. "నాకు తెలివి లేదని కాదు. ఉన్న తెలివికి బ్రేకు లేదు," అని వైనో తనమీద తానే జోకు వేసుకునేవాడు. ఆఖరికి గ్రంథాలయం నుంచి లావుపాటి పుస్తకాలు తెచ్చి, రెండేళ్ళు నేలమాళిగలో కూర్చుని, పోకర్ పేకాట ఆడుకునే వెబ్‌సైట్ ఒకటి కట్టాడు. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టేవాళ్ళు వేసుకునే గుడిసెను తలుచుకుని దానికి మంచుగుడిసె అని పేరు పెట్టాడు. అందులో డబ్బు పందెం లేదు, చిప్స్ అనే పందెం బిళ్ళలన్నీ ఉత్తుత్తివే. మంచు మీద నడిచే స్నోమొబైల్ బళ్ళ మరమ్మతు షాపులు, ఎర అమ్మే కొట్లు ఇచ్చే ప్రకటనలే దాని తిండి.

ఆశ్చర్యమేమిటంటే అది నడిచింది. ఆ ఏడు దేశమంతా పోకర్ పిచ్చిలో ఉంది. లాస్ వేగాస్‌లోని ఒక పెద్ద కంపెనీ వైనోని రమ్మని కబురు పెట్టింది. శనివారం సాయంత్రం మీ బల్లలు నిండుగా ఉంటే మీ సైట్‌ని మా నీడలోకి తీసుకుంటాం, మీరే నడుపుకోండి, అని. కాదంటే మాత్రం వచ్చే నెలకి మూత వేయడమే. ఎర కొట్లవాళ్ళు చలికాలంతో పాటే ప్రకటనలు మానేస్తున్నారు. జీవితంలో మొదటిసారి తన చేతిలో నిలిచిన ఒకే ఒక్క వస్తువు అదని వైనో పైకి అనలేదు. అనకపోయినా ఐలికి తెలుసు.

పెట్టె మూసి జిప్పు లాగాక అతను గొంతు సవరించుకున్నాడు.

"నీకో సంగతి చెప్పాలి. మంచుగుడిసెలో రోజూ కూర్చునేవాళ్ళలో ఏడుగురు నేనే."

"ఏడుగురేంటి?"

"ఖాళీ హోటల్లోకి ఎవరైనా అడుగు పెడతారా? బల్ల ఖాళీగా కనబడితే ఎవరూ కూర్చోరు. అందుకని నేనే పేర్లు మార్చుకుని కూర్చుంటా. నలుగురు కనబడితే ఐదోవాడొస్తాడు. ఈ మూడ్రోజులూ వాళ్ళని నువ్వు కూర్చోబెట్టాలి."

"ఏడుగురూ మగాళ్ళేనా?"

వైనో బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. బూటుకి లేసు లేదు. "హిల్యా అని ఒకావిడ ఉంది, కాస్త నీ పోలికే. పాపం, భర్త పోయాడు."

"నాకు వేషం కట్టి, నన్ను ఒంటరిదాన్ని చేశావన్నమాట."

"నీకేం కాలేదు కదా! చచ్చింది నేనేగా!" అన్నాడు వైనో. "ఇదిగో, ఒక్కటే మాట. ఎవరితోనూ మాట్లాడకు. కార్డులు పడేసే బొత్తాం నొక్కుతూ ఉండు. కుర్చీలు చల్లారకుండా చూడు, అంతే."

టాక్సీ మలుపు తిరిగింది. ఐలి కిటికీ దగ్గర ఇంకాసేపు నిలబడింది.

శనివారం సాయంత్రం ఆమె రెండు కంప్యూటర్ల తెరల మీద ఏడు కిటికీలు తెరుచుకుని కూర్చుంది. పొయ్యి మీద బఠాణీ సూప్ ఉంది. ఆ ఏడుగురిలో సులో అనే ఆయన వంతు రాగానే హిల్యా కార్డులు పడేసేది. హిల్యా వంతు వచ్చేసరికి మిగతావాళ్ళ గంటలు మోగేవి. ఒకసారి పొరపాటున సులో తన చిప్స్ అన్నీ ఒడ్డి గెలిచాడు కూడా. ఎలా గెలిచాడో ఐలికి తెలియదు. ఇలా లాభం లేదు, ఒకరిద్దరిని కాసేపు లేపి పంపేస్తే సూప్ కలుపుకు రావచ్చు అనుకుంది.

లేచిపోవడానికి బొత్తాం ఉంది. నొక్కితే మనిషి మాయమవుతాడు. ఐలి వేలు ఆ బొత్తాం మీదే ఆగిపోయింది. ఆమె పుట్టి పెరిగిన ఫిన్నిష్ ఇళ్ళలో అలా లేచి పోయేవాడు లేడు. వెళ్తానన్నవాడు కోటు తొడుక్కుని మళ్ళీ కూర్చోవాలి. వాడికి వెళ్ళొస్తా కాఫీ పోయాలి, పక్కన యాలకుల రొట్టె పెట్టాలి. ఆ తర్వాత గుమ్మంలో ఒక విడత, కారు దగ్గర ఒక విడత మాటలుండాలి. ఇవేవీ లేకుండా పోయాడంటే పోట్లాడి పోయాడనే లెక్క.

వైనో మాట గాలికి పోయింది. బల్ల పక్కన కబుర్లు రాసుకునే పెట్టెలో ఆమె సులో పేరుతో ఇలా కొట్టింది: "మా అక్క దగ్గరికి సడ్బరీ వెళ్తున్నాను. వెళ్ళొస్తా కాఫీ తాగుతున్నాను. అందరూ క్షేమంగా ఉండండి."

బల్ల చుట్టూ ఆట ఆగింది.

"సులోకి నోరుందా!" అంది డ్రైడెన్ ఊరి బెర్నీస్. స్కూలు బస్సు తోలి రిటైరైన మనిషి, మంచుగుడిసెలో అందరికంటే పెద్ద నోరు ఆమెదే. "రెండేళ్ళుగా ఒక్క ముక్క మాట్లాడనివాడు వెళ్తానంటుంటే నాకు కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయేంట్రా బాబూ! ఆగు, నేనూ కాఫీ పెట్టుకొస్తా. నేనొచ్చేదాకా కదిలావో, చూడు!"

మిగతావాళ్ళూ కాఫీలు పెట్టుకొచ్చారు. సులో అక్క ఆరోగ్యం గురించి అడిగారు. లేని అక్కకి ఐలి కీళ్ళనొప్పులు పెట్టింది. ఒకరిని సాగనంపాక రెండోవాడిని పంపడం తేలికే అనుకుంది కానీ, రెండోవాడికీ అంతే మర్యాద జరిగింది. మూడోవాడికి ఎవరో పాత పాట మాటలు కొట్టి పంపారు. వీడ్కోలు జరుగుతోందని తెలిసి పక్క బల్లల వాళ్ళు ఇటు వచ్చి నిలబడ్డారు. వాళ్ళు ఫోన్లు చేసి ఇంకొందరిని పిలిచారు. వచ్చినవాళ్ళెవరూ వెళ్ళడం లేదు. వెళ్ళాలంటే వాళ్ళకీ కాఫీ కావాలి కదా.

ఆరుగురు వెళ్ళేసరికి ఐలి దగ్గర అక్కలూ, పెళ్ళిళ్ళూ, ఇల్లు మారడాలూ అన్నీ అయిపోయాయి. సూప్ అడుగంటిన వాసన మొదలైంది. హిల్యా కూడా కాఫీ మాట ఎత్తగానే, కెనోరా ఊరి డ్వైట్ పెల్కీ అడిగాడు. దుంగల లారీ తోలే మనిషి, మాట నెమ్మది.

"నువ్వెక్కడికి, హిల్యా? నువ్వెప్పుడూ ఎక్కడికీ వెళ్ళవు కదా."

వంటింట్లోంచి పొగ వచ్చింది. గోడకున్న పొగ గంట కుయ్యిమంది. ఐలి కంగారులో, కంగారుపడేవాళ్ళకి అన్నిటికంటే ముందు తట్టే మాటే తట్టింది.

"గుండె ఆపరేషన్. రేపు."

"ఏ ఆసుపత్రి?"

"థండర్ బే," అని కొట్టేసి ఆమె గిన్నె దించడానికి పరుగెత్తింది.

తిరిగి వచ్చేసరికి ఫోను మోగుతోంది.

"ఐలీ! ఏం చేశావే?" వైనో గొంతు గుసగుసగా ఉంది. "కంపెనీ వాళ్ళు గోడంత తెర మీద చూస్తున్నారు. మొత్తం సైటంతా ఒక్క బల్ల చుట్టూ మూగింది. ఒక్కడూ ఒక్క కార్డు వేయడం లేదు. అందరూ ప్రార్థనలు చేస్తున్నారు. హిల్యాకేమైంది?"

"గుండె."

"ఇక్కడ నా గుండె ఆగేలా ఉంది!"

"ఇద్దరిదీ ఒకటే కదా, ఆగితే కలిసే ఆగుతుందిలే," అంది ఐలి, ఏడుపు గొంతుతో.

"ఇక్కడ కంపెనీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వో ఏడుపో తెలియట్లేదు. నువ్వు దయచేసి హిల్యాని బాగు చెయ్యి!"

ఐలి పరుగున వెళ్ళి, ఆపరేషన్ అక్కర్లేదట, డాక్టర్ ఇప్పుడే చెప్పాడు, అని కొట్టింది. అప్పటికే బెర్నీస్ పేరు పక్కన, సైట్‌లో ఉన్నట్టు చూపే దీపం ఆరిపోయింది. డ్వైట్ పేరు పక్కన కూడా. వీడ్కోలైనా చెప్పకుండా వీళ్ళెక్కడికి పోయారు చెప్మా, అని ఆమె వాళ్ళ గురించి బెంగ పెట్టుకుంది.

ఎక్కడికి పోయారో ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. తలుపు తీస్తే మంచులో డజను మంది ఉన్నారు. ముందు బెర్నీస్ ఉంది, చేతిలో గుడ్డ చుట్టిన వంటకం గిన్నెతో. అందరికంటే వెనక డ్వైట్ ఉన్నాడు. కొండంత మనిషి, టై కట్టుకున్నాడు, చేతిలో పసుపు పూలు.

"సైట్‌లో మీ అడ్రసుంది, అందుకొచ్చాం," అంది బెర్నీస్. "ఆసుపత్రిలో హిల్యా అనే మనిషే లేదంటున్నారమ్మా. మా దగ్గర దాచకండి. పోయిందా?"

ఐలి నోరు తెరిచింది. "లోపలికి రండి, కాఫీ పెడతాను," అని మాత్రం వచ్చింది.

కాఫీ పోసింది. రొట్టె కోసింది. వాళ్ళు టోపీలు ఒళ్ళో పెట్టుకుని, హిల్యా ఎంత మంచిదో చెప్పుకోవడం మొదలుపెట్టారు. బెర్నీస్ చర్చిలో ప్రార్థన పెట్టిద్దామంది. ఇంకొకాయన రాతి పలక మీద పేరు చెక్కించాలన్నాడు. ఏ రాయి బాగుంటుందో మాటా మాటా పెరిగింది. తన ఇంటి వంటగదిలో, తాను చంపని మనిషికి, తన యాలకుల రొట్టెతోనే దినం జరుగుతుంటే ఐలి ఇక ఆగలేకపోయింది.

"హిల్యా లేదు," అంది.

అందరూ తలలు వంచారు.

"అలా కాదు. ఎప్పుడూ లేదు. సులో లేడు. నిన్న వెళ్ళిన వాళ్ళెవరూ లేరు. ఆ ఏడుగురూ మేమే. కుర్చీలు ఖాళీగా ఉంటే మీరు వెళ్ళిపోతారని."

వంగిన తలలన్నీ పైకి లేచాయి. తర్వాత బెర్నీస్ కప్పు కింద పెట్టింది.

"నేను ముగ్గురిని," అంది. "బల్ల పలచబడితే హిల్యా వెళ్ళిపోతుందేమోనని. నిన్న సాయంత్రం మా కుక్క పేరుతో కూడా కూర్చున్నా."

"కాఫీ మానేశానని రాసింది మీ కుక్కేనా!" అన్నాడు రాతి పలక ఆయన. "దానికి సలహా ఇచ్చింది నేనే. అంటే, మా చనిపోయిన మావగారి పేరుతో."

ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. ఎవరు ఎవరో లెక్క తేల్చబోయి మధ్యలో మానేశారు. ఇద్దరు మాత్రం ఏడాదిగా మారుపేర్లతో ఒకరితో ఒకరు పోట్లాడుతున్న సంగతి తెలుసుకుని చేతులు కలుపుకున్నారు. ఐలి మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. అప్పుడు డ్వైట్ మాట్లాడాడు.

"నేను ఒక్కణ్ణే," అన్నాడు. "డ్వైట్ అంటే నేనే. ఇంకెవర్నీ కాదు."

ఎవరూ నవ్వలేదు.

"హిల్యా మీరేనా, మరి?" అని అతను ఐలిని అడిగాడు.

అవునంటే సరిపోయేది. ఐలికి అబద్ధాలు నిన్నటితో నిండుకున్నాయి. "శుక్రవారం నుంచే నేను. అంతకుముందు మా ఆయన."

"మరి హిల్యా నన్ను సూప్‌లో ఆవముద్ద వేసుకోమంది..."

"సూప్ నాదేనండీ. రాసింది ఆయన."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వైనో వచ్చాడు, మంచు దులపకుండానే. "ఐలీ! ఒప్పుకున్నారే! వాళ్ళ సైట్లలో జనం ఇట్టే లేచి పోతారట. మన దగ్గర ఒక్కడూ లేవడం లేదని కంపెనీ ఆవిడ మురిసిపోయింది! అంతమంది జనం..."

"ఆ జనం వీళ్ళే," అంది ఐలి.

వైనో వంటగది చుట్టూ చూశాడు. పెట్టె చేతిలోంచి జారింది. "సౌనా మళ్ళీ సరస్సులోకి పోయింది," అని గొణిగి, పెట్టె మీదే కూర్చున్నాడు.

డ్వైట్ లేచి అతని ముందుకు వచ్చాడు. తెల్ల మీసాల వైనోని పైనుంచి కిందికి చూశాడు.

"మోకాలెలా ఉంది?" అని అడిగాడు.

వైనో మొహం ఎర్రబడింది. "ఈ చలికి కాస్త సలుపుతోంది."

"ఉప్పు కాపడం పెట్టమన్నాను కదా."

"పెట్టాను. తగ్గింది, నిజంగా."

డ్వైట్ తల ఊపాడు. పూలు ఎవరికివ్వాలో తెలియక బల్ల మీద పెట్టి, అందరికీ చెయ్యి కలిపి, వైనోకి కూడా కలిపి, బయటికి నడిచాడు. ఐలి కిటికీ దగ్గరికి వెళ్ళింది. లారీ మలుపు తిరిగింది.

మర్నాడు వైనో కంపెనీకి ఉన్నదున్నట్టు రాశాడు. ఇక మూతే అనుకుని నేలమాళిగలో దీపం కూడా ఆర్పేశాడు. రెండు రోజులకు జవాబొచ్చింది. మా సైట్లలోనూ లెక్క దాదాపు ఇలాగే ఉంటుంది, ఒప్పందం ఒప్పందమే, హిల్యా గారు త్వరగా కోలుకోవాలని కోరుతున్నాం, అని. మంచుగుడిసె నిలిచింది. బెర్నీస్ బృందం నెలకోసారి కార్లలో థండర్ బే వస్తోంది. వాళ్ళని సాగనంపేసరికి ఐలికి నడుము పడిపోతోంది. "వీళ్ళెప్పుడు వెళ్తారే?" అని వైనో గుసగుసలాడితే, "ఊరుకో, వింటారు," అంటుంది కానీ, ఆమె మనసులోనూ అదే ప్రశ్న.

హిల్యాని ఇద్దరూ కలిసి బాగు చేశారు. రోజూ సాయంత్రం ఆమెను కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెడుతున్నారు, కుర్చీ చల్లారకుండా.

డ్వైట్ పెల్కీ మంచుగుడిసెలో ఆఖరుసారి కనిపించింది ఆ వీడ్కోళ్ళ నాడే, 2004 మార్చి 6, శనివారం సాయంత్రం. ఆ తర్వాత రాలేదు.